కారు లోపలా, పక్కనా, పైనా? విద్యుత్ కారుతో క్యాంపింగ్‌కు వెళ్తే ఎక్కడ పడుకోవాలి

విద్యుత్ కారులో రాత్రి గడుపుతామని చెప్పగానే బెంగళూరులో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "పొద్దునకి చార్జింగ్ మిగులుతుందా?" మిగులుతుంది. ఎంత మిగులుతుందో కింద లెక్క ఉంది. నిద్ర చెడగొట్టేవి వేరే ఉన్నాయి. మడిచిన సీటుకూ డిక్కీకీ మధ్య నడుము కింద ఒత్తుకునే అంచు, అద్దం సందులోంచి దూరిన ఒక్క దోమ, రాత్రి రెండు గంటలకు టార్చి వేసి "ఇక్కడ బండి ఆపకూడదు" అని లేపే కాపలాదారు. ఎక్కడ పడుకోవాలన్నది వీటిని బట్టి నిర్ణయించుకోవాలి.

మన ముందున్న మార్గాలు ఐదు. ముందు సీటు వెనక్కి వాల్చి కునుకు తీయడం, వెనుక సీట్లు మడిచి పరుపు వేసుకోవడం, కారు పక్కన టెంటు వేసి కారు నుంచి కరెంటు తీసుకోవడం, కారు పైకప్పు మీద టెంటు బిగించడం, సాకెట్ ఉన్న హోమ్‌స్టేలో గది తీసుకుని కారును చార్జింగ్‌లో పెట్టడం. చివరిది క్యాంపింగ్ ఎలా అవుతుందని కొందరు కోప్పడతారు. అయినా దాన్ని వదిలిపెట్టలేదు, కారణం ముందు ముందు తెలుస్తుంది.

## ముందు బ్యాటరీ సంగతి తేల్చేద్దాం

పెట్రోల్ కారులోనో డీజిల్ కారులోనో ఏసీ నడవాలంటే ఇంజిన్ నడవాలి. ఆగి ఉన్న కారులో ఇంజిన్ నడుస్తుంటే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరవచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవారికి తెలిసేలోపే ప్రాణం తీస్తుంది. విద్యుత్ కారులో ఆ వాయువు పుట్టే అవకాశమే లేదు. రాత్రంతా ఏసీ వేసుకుని పడుకోవచ్చు, చప్పుడు కూడా దాదాపు ఉండదు. ఈ చర్చ మొత్తం సాధ్యమైంది ఈ ఒక్క తేడా వల్ల.

కారు బ్యాటరీని కిలోవాట్ అవర్లలో చెబుతారు. అంటే మన కరెంటు బిల్లులోని యూనిట్లే. నెక్సాన్ ఈవీలో పెద్దది 45 యూనిట్ల బ్యాటరీ, క్రెటా ఎలక్ట్రిక్‌లో పెద్దది 51.4, బీవైడీ అట్టో 3లో 60.48, ఐయోనిక్ 5లో తొలుత వచ్చినది 72.6. ఎనిమిది గంటల నిద్రకు అయ్యే ఖర్చు స్థూలంగా ఇలా ఉంటుంది:

| రాత్రి పరిస్థితి | ఖర్చయ్యే యూనిట్లు | 45 యూనిట్ల బ్యాటరీలో వాటా |
|---|---|---|
| కారు ఆఫ్, కిటికీలు రెండంగుళాలు దించి, చార్జింగ్ ఫ్యానుతో | దాదాపు సున్నా | లెక్కలోకి రాదు |
| హార్స్‌లీ హిల్స్‌లో చల్లని రాత్రి, కారు ఆన్, బ్లోయర్ మాత్రమే | 2–3 | 4–7 శాతం |
| ఏప్రిల్‌లో గండికోట, ఏసీ 25 డిగ్రీల దగ్గర | 4–6 | 9–13 శాతం |
| మే నెలలో చెన్నై తీరం, ఉక్కపోతలో ఏసీ | 5–8 | 11–18 శాతం |
| డిసెంబరులో మడికేరి, రాత్రంతా హీటరు | 4–7 | 9–16 శాతం |

కారును బట్టి, లోపలున్న మనుషులను బట్టి అంకెలు అటూ ఇటూ అవుతాయి. ఒక యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు వస్తాయనుకుంటే అన్నిటికన్నా గడ్డు రాత్రి ఖరీదు యాభై కిలోమీటర్ల చిల్లర. కాబట్టి చోటు చేరేసరికి తర్వాతి చార్జర్ దాకా వెళ్ళే దూరానికి మరో వంద కిలోమీటర్ల చార్జింగ్ కలిపి ఉంచుకుంటే నిశ్చింతగా పడుకోవచ్చు. కొన్ని కార్లు బ్యాటరీ ఒక మట్టానికి తగ్గగానే ఆగి ఉన్నప్పుడు ఏసీ నడిపే సౌకర్యాలను ఆపేస్తాయి. టెస్లా క్యాంప్ మోడ్‌కు ఆ గీత 20 శాతం. మీ కారు గీత ఎక్కడుందో మాన్యువల్‌లో చూసి పెట్టుకోండి.

చలికి మాత్రం హీటరు కంటే బొంత మేలు. మడికేరిలోనైనా ఇద్దరికి ఒక మంచి బొంత, పడుకునే ముందు పది నిమిషాల హీటరు చాలు.

## ఏమేం చూడాలి

మొదటిది మీ ఎత్తు. ఐదడుగుల రెండంగుళాల మనిషికి హాయిగా ఉన్న కారు ఐదడుగుల పది అంగుళాల మనిషికి శిక్ష. ఇంటర్నెట్‌లో ఎవరో "బ్రహ్మాండంగా నిద్రపట్టింది" అని రాస్తే ముందు వారి ఎత్తు ఎంతో కనుక్కోండి.

రెండోది చదును. నిడివి తక్కువైతే కాళ్ళు ముడుచుకోవచ్చు, ఎగుడుదిగుడుకు మాత్రం మందు లేదు. మూడోది గాలి, దోమలు. ఈ రెండూ ఒకదానికొకటి విరోధులు, గాలి కోసం తెరిస్తే దోమ వస్తుంది. నాలుగోది రాత్రి లేచి బయటికి వెళ్ళే అవసరం. నలభై దాటినవారికి ఇది చిన్న విషయం కాదు, చిన్నపిల్లలున్నవారికి అసలే కాదు. ఐదోది, అందరూ ఆఖర్న ఆలోచించేది, అన్నిటికన్నా ముందు ఆలోచించాల్సింది: ఆ చోట రాత్రి ఉండనిస్తారా?

## ముందు సీటు వాల్చుకోవడం

దీని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. రెండు మూడు గంటల కునుకుకు సరిపోతుంది, రాత్రి నిద్రకు సరిపోదు. కాళ్ళు కిందికి వేలాడి పాదాలు వాస్తాయి, పొద్దున మెడ పట్టేస్తుంది. కాళ్ళ కింద బ్యాగు పెట్టి ఎత్తు చేసుకుంటే కాస్త నయం.

అయినా దీనికీ ఒక రోజు వస్తుంది. సంక్రాంతికి ముందు రోజుల్లో బెంగళూరు నుంచి అనంతపురం, కర్నూలు వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్ళేవారికి చార్జర్ దగ్గర వరుస తప్పదు. తిరుపతికి అర్ధరాత్రి చేరి తెల్లవారుజామున అలిపిరి మెట్లెక్కేవారికి గది తీసుకునేంత వ్యవధి ఉండదు. అక్కడ ముందు సీటే పరుపు. ఒక మాట, చార్జింగ్ పూర్తయ్యాక కూడా ఆ చోటనే పడుకోకండి. ఫోనులో అలారం పెట్టుకుని లేచి బండి పక్కకు తీయండి. వెనుక వచ్చినవారు మిమ్మల్ని నిద్రలేపే తీరు మీకు నచ్చదు.

ఎంజీ విండ్సర్ వెనుక సీటు 135 డిగ్రీల దాకా వాలుతుంది. ఇలాంటి కునుకుకు మన మార్కెట్లో అంత సుఖమైనది ఈ ధరలో కనబడదు. అయితే ఎంత వాలినా అది కుర్చీయే, మంచం కాదు.

## వెనుక సీట్లు మడిచి పడుకోవడం

ఇద్దరు పెద్దలకు, లేదా ఒక పెద్దకూ ఒక చిన్నవాడికీ, నా ఓటు దీనికే. తలుపులు వేసుకుంటే దోమ లేదు, వాన లేదు, కుక్కల బెడద లేదు, ఏసీ ఉంది. భయం వేస్తే కారు దిగకుండానే ముందు సీట్లోకి వెళ్ళి బండి కదిలించవచ్చు. ముందు సీటు కునుకును మినహాయిస్తే ఈ చివరి సౌలభ్యం మిగతా ఏ పద్ధతిలోనూ లేదు.

ముందు నిడివి. నెక్సాన్ ఈవీ, పంచ్ ఈవీ వంటి నాలుగు మీటర్ల లోపు కార్లలో ముందు సీట్లను పూర్తిగా ముందుకు జరిపినా దొరికేది సుమారు ఐదడుగులు. ఒక్కరైతే మూలగా పడుకోవచ్చు, ఇద్దరైతే ఇద్దరూ కాళ్ళు ముడవాలి. క్రెటా ఎలక్ట్రిక్, అట్టో 3, కర్వ్ ఈవీ తరగతిలో ఐదున్నర అడుగుల దరిదాపుల్లో దొరుకుతుంది. ఐయోనిక్ 5 చక్రాల మధ్య దూరమే మూడు మీటర్లు, దానిలో ఆరడుగుల మనిషి కూడా సర్దుకోగలడు. బీవైడీ ఈమ్యాక్స్ 7 వంటి మూడు వరుసల కార్లలో నిడివికి ఇబ్బంది తక్కువ, కానీ సీట్ల మధ్య గాడులు ఎక్కువ. ఇవన్నీ ఉజ్జాయింపులు. టేపు పట్టుకుని మీ కారు మీరు కొలవండి: ముందు సీటు వీపు నుంచి డిక్కీ తలుపు లోపలి అంచు దాకా.

మడిచిన వెనుక సీటుకూ ముందు సీటుకూ మధ్య కాళ్ళు పెట్టుకునే గొయ్యి ఉంటుంది. దాన్ని నింపకపోతే తల వేలాడుతుంది. సీటు ఎత్తుకు సరిపోయే ప్లాస్టిక్ క్రేట్లు రెండు అక్కడ పెట్టి, వాటిలో నీళ్ళ సీసాలు, వంట సామాను వేస్తే రెండు పనులూ తీరతాయి. సూట్‌కేసు కూడా పెట్టవచ్చు, కానీ రాత్రి బట్టలు కావాలంటే పరుపంతా లేపాలి.

చాలా కార్లలో సీటు మడిచినా అది పూర్తిగా చదును కాదు, ముందు వైపు పైకి లేచి ఉంటుంది. దీనికి ఖర్చు లేని ఉపాయం ఉంది. కారు ముక్కు కాస్త పల్లం వైపు ఉండేలా ఆపండి, సీటు ఏటవాలు సరిపోతుంది. లోపల ఒక నీళ్ళ సీసాను పడుకోబెట్టి చూడండి, దొర్లకపోతే పరుపు వేయవచ్చు. బండిని 'పి' (పార్క్) గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రానికి రాయి అడ్డం పెట్టడం మరచిపోవద్దు.

పరుపు విషయానికొస్తే, గాలి నింపే పరుపులు అంగడిలో ఎంత ఊరించినా నేను సిఫారసు చేయను. పక్కవారు ఒత్తిగిల్లినప్పుడల్లా మీరు లేస్తారు, చలిలో దాని లోపలి గాలి చల్లబడి వీపు గడ్డకడుతుంది. మూడు మడతలుగా మడిచే మూడంగుళాల ఫోము మంచిది. బెంగళూరులో ఫోము దుకాణాలవారు కొలత ఇస్తే కోసి ఇస్తారు. చక్రాల దగ్గర డిక్కీ ఇరుకవుతుంది కాబట్టి ఆ కొలత విడిగా రాసుకుని వెళ్ళండి. పైన అమ్మమ్మల కాలం నాటి నూలు బొంత ఒకటి పరిస్తే చెమట పట్టదు. ఉత్త బొంతలు రెండు వేసుకుంటే చాలదా అంటే, ఇరవైల్లో ఉన్నవారికి చాలుతుంది.

ఇక గాలి. విషవాయువు లేదు కదా అని అద్దాలన్నీ బిగించి, లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్‌లో ఏసీ పెట్టి పడుకుంటారు. ఇద్దరి ఊపిరికి ఆ చిన్న చోటులో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) గంట గంటకూ పెరుగుతుంది, పొద్దున తలనొప్పి, అద్దాల నిండా నీటి చెమ్మ. ఏసీని బయటి గాలి తీసుకునే స్థితిలోనే ఉంచండి. కరెంటు కాస్త ఎక్కువ ఖర్చైనా ఇది బేరమాడాల్సిన చోటు కాదు. ఏసీ లేకుండా పడుకుంటే ఎదురెదురు మూలల కిటికీలు రెండు దించి, తలుపుకు తొడిగే దోమతెర వేయండి. కారులో దోమల కాయిల్ వెలిగించవద్దు, పక్కన కాగిన కుంపటిని వెచ్చదనం కోసం లోపలికి తేవద్దు. బొగ్గు నుంచి కూడా అదే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. టెంటుకూ ఇదే నియమం.

కారు బుద్ధి కూడా ముందే తెలుసుకోవాలి. డ్రైవరు సీటు వదలగానే, తలుపు తెరిచి మూయగానే, లేదా కొంతసేపు కదలకపోతే ఏసీ ఆపేసే కార్లున్నాయి. టెస్లాలో క్యాంప్ మోడ్, ఐయోనిక్ 5లో యుటిలిటీ మోడ్ ఉన్నది దీని కోసమే. మీ కారులో అలాంటిది ఉందో లేదో ఒక సాయంత్రం మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే రెండు గంటలు పడుకుని చూడండి. వాచ్‌మన్ వచ్చి అద్దం తట్టి, ఇంట్లో గొడవా అని అడుగుతారు, అడగనివ్వండి. తెర వెలుతురు ఆరుతుందా, బయటి దీపాలు ఆరతాయా, లోపలి బటన్‌తో తాళం వేసి మళ్ళీ తెరిస్తే అలారం మోగుతుందా, అన్నీ ఆ పూటే తేలిపోతాయి. డిక్కీ తలుపు చాలా కార్లలో లోపలి నుంచి తెరుచుకోదు, వెనుక పక్క తలుపులోంచే దిగాలి. అందుకే ఆ తలుపు దగ్గర సామాను పేర్చకండి.

ఈ పద్ధతికి ఉన్న అసలు ఇబ్బంది సామాను. పగలు డిక్కీలో ఉన్నదంతా రాత్రి ముందు సీట్లలోకి మారాలి, పొద్దున మళ్ళీ వెనక్కి. ముగ్గురు దాటితే దీన్ని ఆలోచించకండి.

## పక్కన టెంటు, కారు నుంచి కరెంటు

కుటుంబంతో వెళ్ళేవారి మార్గం ఇది. కారు బ్యాటరీ నుంచి బయటి పరికరాలకు మామూలు ఇంటి కరెంటు ఇచ్చే సదుపాయాన్ని వీటూఎల్ అంటారు. నెక్సాన్ ఈవీ, కర్వ్ ఈవీ, క్రెటా ఎలక్ట్రిక్, అట్టో 3, ఐయోనిక్ 5లలో ఈ సదుపాయం వచ్చింది. విండ్సర్‌లో 38 యూనిట్ల మొదటి కారుకు లేదు, 52.9 యూనిట్ల ప్రోకు ఉంది. వేరియంటును బట్టి మారుతుంది కాబట్టి మీ కారు కాగితాల్లో చూసుకోండి. దీనికి కావాల్సిన అడాప్టర్ కొన్ని కార్లతో రాదు, విడిగా కొనాలి.

ఐయోనిక్ 5లో 3.6 కిలోవాట్లు, అట్టో 3లో 3.3 కిలోవాట్ల దాకా తీసుకోవచ్చు. అది ఎంతంటే, తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను రాత్రంతా తిరిగితే పావు యూనిట్. 700 వాట్ల రైస్ కుక్కర్ అరగంటకు 0.35 యూనిట్. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి పావుగంటకు అర యూనిట్. నలుగురికి వేడివేడి అన్నం, ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి, రాత్రి ఫ్యాను, పొద్దున కాఫీ, అంతా కలిపి రెండు యూనిట్లు దాటదు. కారులో ఏసీ వేసుకుని పడుకునే దానికంటే ఇదే చవక. ఇండక్షన్ పొయ్యి, 1500 వాట్ల కెటిల్ ఒకేసారి వేస్తే మాత్రం 3500 వాట్లవుతుంది, 3.3 కిలోవాట్ల కారు ఊరుకోదు.

బ్యాటరీ ఎంతకు తగ్గితే కరెంటు ఆగాలో నిర్ణయించుకునే వీలు చాలా కార్లలో ఉంటుంది, పడుకునే ముందు దాన్ని పెట్టండి. పొడిగింపు తీగ మూడు పిన్నులది, 15 ఆంపియర్లు మోసేది కావాలి. సన్నని ఇంటి తీగ ఇండక్షన్‌కు వేడెక్కుతుంది. వాన సూచన ఉంటే తీగ, సాకెట్ నేల మీద వదలవద్దు.

టెంటు కొనేటప్పుడు నలుగురిదంటే ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలని అర్థం చేసుకోండి. గండికోట లాంటి రాతి నేలలో మేకులు దిగవు, అక్కడ కడ్డీల మీద తనంతట తాను నిలబడే టెంటే పనికొస్తుంది. దోమతెర ఉంటే గాలికి లోటుండదు, కాళ్ళు చాపుకోవచ్చు, పెద్దవాళ్ళు వంగి లోపలికి వెళ్ళగలిగితే చాలు. వేడి రాత్రి మాత్రం ఫ్యాను వేడిగాలినే తిప్పుతుంది. పిల్లలకు ఒంట్లో బాగోలేకపోతే కారు పక్కనే ఉంది, ఏసీ వేసి లోపల పడుకోబెట్టవచ్చు. ఈ వెసులుబాటు వల్లే పిల్లలున్నవారికి దీన్ని చెబుతాను.

## పైకప్పు టెంటు

ఫొటోల్లో దీనంత అందంగా ఏదీ ఉండదు. విద్యుత్ కారుకు మాత్రం ఇది నష్టపు బేరమని నా అభిప్రాయం. టెంటే యాభై నుంచి డెబ్భై కిలోలు తూగుతుంది. కదిలే కారు పైకప్పు ఎంత మోయగలదో మాన్యువల్‌లో ఉంటుంది, మన కార్లలో అది చాలాసార్లు ఈ బరువు దగ్గరే ఆగిపోతుంది. పెద్ద సన్‌రూఫ్ ఉంటే కడ్డీలు బిగించడమే కష్టం. గాలికి ఎదురొడ్డే ఆకారం పైన కూర్చుంటే హైవే వేగంలో రేంజి (ఒక చార్జింగ్‌కు వెళ్ళగలిగే దూరం) తగ్గుతుంది, అంటే వెళ్ళే ప్రతి కిలోమీటరుకూ సుంకం కట్టినట్టే. పైగా బెంగళూరు అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఎత్తు పరిమితి బోర్డు ఉంటుంది, టెంటుతో కలిపి మీ కారు దాని కింద దూరుతుందో లేదో చూసుకోండి. రాత్రి నిచ్చెన దిగడం సరదాగా ఉండేది మొదటి రాత్రే.

నెలకోసారి వెళ్ళేవారు, బురద నేలల్లో, పురుగూ పుట్రా ఉన్న చోట్ల ఉండేవారు కొనుక్కోవచ్చు.

## గది మీకు, సాకెట్ కారుకు

సకలేశపుర, చిక్కమగళూరు, కొడగు కాఫీ తోటల్లో హోమ్‌స్టేలకు కొదవ లేదు. 15 ఆంపియర్ల సాకెట్‌కు కారుతో వచ్చే చిన్న చార్జర్ తగిలిస్తే గంటకు దాదాపు మూడు యూనిట్లు ఎక్కుతాయి. తొమ్మిది గంటలకు 25 యూనిట్ల పైన, అంటే 45 యూనిట్ల బ్యాటరీలో సగానికి మించి. మిగతా నాలుగు పద్ధతుల్లో రాత్రి బ్యాటరీ తగ్గుతుంది, దీనిలో పెరుగుతుంది. కొండ దారిలో ఫాస్ట్ చార్జర్ వెతుక్కునే బాధ తప్పుతుంది. వానాకాలం కొడగులో జలగలు కారు దాకా కాదు, కాలి దాకా వస్తాయి. ఆ నెలల్లో నేనైతే గదికే ఓటేస్తాను.

ఫోను చేసినప్పుడు "చార్జింగ్ ఉందా" అని అడిగితే అందరూ ఉందనే అంటారు, ఫోను చార్జింగ్ అనుకుంటారు. గీజరుకు వాడే పెద్ద సాకెట్ ఉందా, దానికి ఎర్తింగ్ ఉందా, కారు నిలిపే చోటికి ఎన్ని అడుగులు, అని అడగండి. ఎర్తింగ్ లేకపోతే చార్జర్ ఎర్రలైటు చూపించి మొరాయిస్తుంది. యూనిట్ల లెక్కన డబ్బు ఇస్తామని ముందే చెప్పండి, చాలామంది ఆనందంగా ఒప్పుకుంటారు.

ఇక్కడే అసలు రహస్యం ఉంది. కొన్ని క్యాంప్‌సైట్లలో, హోమ్‌స్టేల ఆవరణలో గది వద్దు, కారులోనే పడుకుంటాం, సాకెట్, స్నానాల గది ఇవ్వండి అంటే తక్కువ డబ్బుకు ఒప్పుకుంటారు. చాలా కార్లలో నెమ్మది చార్జింగ్ నడుస్తుండగా ఏసీ కూడా నడుస్తుంది. నా లెక్కలో అన్నిటికన్నా మంచి రాత్రి ఇదే.

## ఒక్కచోట చూస్తే

| పద్ధతి | ఎందరికి | చదును | దోమలు | వేడి రాత్రి | రాత్రి బ్యాటరీ |
|---|---|---|---|---|---|
| ముందు సీటు | ఇద్దరు, కొన్ని గంటలు | లేదు | రావు | పర్వాలేదు | కాస్త తగ్గుతుంది |
| మడిచిన వెనుక సీట్లు | ఇద్దరు | క్రేట్లు, ఫోము ఉంటే బాగుంటుంది | రావు | చాలా మేలు | 2–8 యూనిట్లు |
| పక్కన టెంటు | నలుగురు | నేలను బట్టి | తెర జిప్పు వేస్తే రావు | కష్టం | 2 యూనిట్ల లోపు |
| పైకప్పు టెంటు | ఇద్దరు | చాలా బాగుంటుంది | రావు | కష్టం | రాత్రి తక్కువ, దారిలో ఎక్కువ |
| గది, సాకెట్ | ఎందరైనా | మంచమే | గదిని బట్టి | గదిని బట్టి | పెరుగుతుంది |

## చోటును బట్టి

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి చుట్టుపక్కల రాత్రులు ఏడాదిలో చాలా నెలలు చల్లగానే ఉంటాయి. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్, మన పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ, దాదాపు 1,260 మీటర్ల ఎత్తు. వేసవిలో కూడా కిటికీలకు తెర కట్టి కారులో పడుకోవచ్చు. గండికోటకు సుమారు 280 కిలోమీటర్లు. పెన్నా లోయ మీద సూర్యోదయం కోసం వెళ్తారు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా టెంటు, ఆ తర్వాత ఏసీ ఉన్న కారే. దారిలో జాతీయ రహదారి మీద చార్జింగ్ నిండుగా చేసుకుని లోపలికి తిరగడం మంచిది. చెన్నై వైపు తూర్పు తీరపు రోడ్డులో ఏడాదిలో చాలా నెలలు ఉక్క, టెంటు మాట మరచిపోండి.

నంది కొండ మీద రాత్రి గేటు మూసేస్తారు. పైన ప్రభుత్వ అతిథి గృహంలో గది ఉంటే తప్ప ఉండనివ్వరు. రిజర్వు అడవుల్లో అనుమతి లేకుండా బస చేయడం నేరం. బండీపుర అడవి గుండా వెళ్ళే రోడ్లు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలకు మూసి ఉంటాయి, ఊటీ వెళ్ళేవారు సాయంత్రం చార్జింగ్ కోసం ఆగి ఈ సమయం దాటకుండా చూసుకోవాలి. కనకపుర, డెంకణికోట వైపు, తిరుపతి దారిలో పలమనేరు దగ్గర కౌండిన్య అభయారణ్యం పక్కన ఏనుగులు తిరుగుతాయి. అక్కడ రోడ్డు పక్కన కారాపి పడుకోవడం ధైర్యం అనిపించుకోదు. అడవిలోనే రాత్రి గడపాలనుంటే భీమేశ్వరి వంటి చోట్ల కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ నడిపే శిబిరాలున్నాయి.

హైవే పక్కన తెల్లగీత దాటి ఆపి పడుకోవద్దు. వెనుక నుంచి వచ్చే లారీ డ్రైవరుకు కూడా నిద్ర వస్తుంది. పెట్రోలు బంకు, రాత్రంతా తెరిచి ఉండే హోటలు, వాహనాలు ఆపడానికి కట్టిన విశ్రాంతి స్థలాలు మేలు. ముందుగా అక్కడి మనిషికి ఒక మాట చెబితే రాత్రి అద్దం తట్టేవారుండరు.

## ఎవరికి ఏది

భార్యాభర్తలు, ఇద్దరూ ఐదున్నర అడుగుల లోపు: ఫోము కొనండి, వెనుక సీట్లు మడవండి, టెంటుకు డబ్బు పెట్టవద్దు.

చిన్నపిల్లలున్న కుటుంబం: టెంటు, ఫ్యాను, రైస్ కుక్కర్. లేదా తల్లీ బిడ్డా కారులో, మిగతావారు టెంటులో.

మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్ళేవారు: మారు మాట లేకుండా గది. వారికి డిక్కీలోకి పాకే అవసరం రాకూడదు. పిల్లలకు కావాలంటే ఆవరణలో కారు ఉంది.

ఒంటరిగా వెళ్ళే మహిళలు: కారు లోపలే, మనుషులున్న ఆవరణలోనే. అద్దాలకు లోపలి నుంచి తెరలు వేయండి. డ్రైవరు సీటు మీద ఏ వస్తువూ పెట్టకండి, తాళం చేతికందే చోట ఉంచండి, బండి ముక్కు బయటికి వెళ్ళే దారి వైపు ఉండేలా ఆపండి. సీటు ఏటవాలు సరిగ్గా కుదరకపోయినా ఫర్వాలేదు, ఇక్కడ దారి ముఖ్యం.

ఇంకా కారు కొనని వారికి పని సులువు. షోరూముకు టేపు తీసుకెళ్ళండి, వెనుక సీట్లు మడిపించండి, చెప్పులు విడిచి లోపల పడుకుని చూడండి. అమ్మే అబ్బాయి ఇబ్బందిగా నవ్వుతాడు. పర్వాలేదు, లేవకుండానే ఆ అబ్బాయిని మూడు ప్రశ్నలు అడగండి: డ్రైవరు సీట్లో ఎవరూ లేకపోతే ఏసీ ఎంతసేపు నడుస్తుంది, వీటూఎల్ ఈ వేరియంటులో ఉందా, దాని అడాప్టర్ ధరలో కలిసిందా విడిగానా.